కనుమ దాటినవారి లెక్క

కనుమ అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేది సంక్రాంతి మర్నాడు. పశువుల కొమ్ములకు రంగులు వేసి, మినపగారెలు వండుకుని, కనుమనాడు కాకి కూడా కదలదంటూ ప్రయాణాలు మానుకునే రోజు. కానీ నేనివాళ చెప్పబోయే కనుమ అది కాదు. ఇది కదలడానికే పుట్టిన కనుమ. రెండు కొండల నడుమ కాస్త తగ్గుగా ఉండి, ఇవతలి సీమవాళ్ళు అవతలి సీమకు పోవడానికి వీలిచ్చే సందును మన పెద్దలు కనుమ అన్నారు. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని బడిలో అందరం చదువుకున్నదే. కొండలకు ఆ పేరెందుకు వచ్చిందో అప్పుడు నేనడగలేదు, ఎవరూ చెప్పలేదు. కొండలకన్నా, కొండలు దాటే దారే మనుషులకు ముఖ్యమయిందని ఇప్పుడనిపిస్తుంది.

రేడియోలో ఈ ప్రసంగం చదివినప్పుడు టైము చాలక కొన్ని సంగతులు వదిలేశాను. వాటిని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టి చదవండి.

అసలు విషయానికి ముందు మా ఇంటి ముచ్చట ఒకటి. మా అన్నయ్య పుట్టినప్పటి మొక్కు తీర్చడానికి మా అమ్మానాన్నలు అలిపిరి మెట్లదారిన నడిచి తిరుమల కొండెక్కారు. బస్సులు తిరుగుతున్న రోజులే, కానీ మొక్కు మొక్కే కదా. మా చిన్నతనమంతా ఆ కథ వింటూ పెరిగాం. "మీ నాన్నగారు మోకాళ్ళ పర్వతం ఒక్క బిగిని ఎక్కేశారు, ఎక్కడా కూర్చోలేదు" అని మా నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కొండమీద తీయించుకున్న ఫోటో ఒకటి ఉంది. అందులో నాన్నగారు చేతికర్ర పట్టుకుని ముందు నిలబడి ఉంటారు. అమ్మ ఓ పక్కగా, సగం చీర కొంగే కనబడుతుంది. మా అన్నయ్యను చంకనెత్తుకుని, పులిహోర డబ్బా, మంచినీళ్ళ చెంబు, పిల్లవాడి బట్టల మూట మోస్తూ అదే కొండ అమ్మ కూడా ఎక్కిందని మాకెవరూ చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు. నేను పెళ్ళయి, నా పిల్లను ఎత్తుకుని ఆ మెట్లెక్కినప్పుడు గాని నాకా ఆలోచన రాలేదు.

ఈ ఫోటో సంగతి గుర్తుంచుకోండి. ఇటువంటిదే ఇంకో బొమ్మ గురించి చెప్పవలసి ఉంది.

యూరపు ఖండంలో ఆల్ప్స్ అనే పర్వతాలున్నాయి. స్విట్జర్లాండుకూ ఇటలీకీ మధ్య అవి గోడలాగ నిలబడి ఉంటాయి. ఆ గోడలో ఉన్న సందుల్లో బాగా పాతది గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ. ఎత్తు 2,469 మీటర్లు, అంటే దాదాపు 8,100 అడుగులు. మన తిరుమల మూడు వేల అడుగుల లోపే. ఆ కనుమకు ఉత్తరాన స్విట్జర్లాండులో మార్టిన్యీ అనే ఊరు, దక్షిణాన ఇటలీలో ఆవోస్తా అనే ఊరు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు అక్కడ మంచు పరుచుకునే ఉంటుంది.

రోమనులు ఆ కనుమ మీద తమ దేవుడు జూపిటర్‌కు గుడి కట్టారు. ఆ చోట తవ్వకాల్లో చిన్న చిన్న కంచు రేకులు దొరికాయి. వాటిమీద ప్రయాణికుల మొక్కులు చెక్కి ఉన్నాయి. క్షేమంగా పోయి క్షేమంగా తిరిగిరావాలని. సైనికులూ వర్తకులూ చేయించి వేలాడదీసిన రేకులవి. రెండు వేల ఏళ్ళనాటి ఆ మొక్కులకూ, మనం గుడిలో కట్టే ముడుపులకూ నాకైతే పెద్ద తేడా కనబడలేదు.

రోమను సామ్రాజ్యం పోయింది. గుడీ పోయింది. దారిలో దొంగలు మిగిలారు, మంచు మిగిలింది. పదకొండో శతాబ్దంలో, సుమారు 1050 ప్రాంతాన, ఆవోస్తా చర్చిలో పెద్ద పదవిలో ఉన్న బెర్నార్డ్ అనే ఆయన ఆ కనుమ నెత్తిమీద ఒక సత్రం కట్టించాడు. అప్పటినుంచి ఈనాటిదాకా ఆ సత్రంలో సన్యాసులు ఉంటూనే ఉన్నారు. వచ్చినవాడెవడు, ఏ మతంవాడు అని అడగకుండా ఇంత వేడి సూపు, రొట్టె, నెగడు దగ్గర చోటు ఇవ్వడం వాళ్ళ వ్రతం. మంచు కురిసే రోజుల్లో దారి తప్పినవాళ్ళను వెదకడానికి పొడుగాటి కర్రలు పట్టుకుని రోజూ దిగివెళ్ళేవాళ్ళు. వాళ్ళు పెంచిన కుక్కలే సెయింట్ బెర్నార్డ్ కుక్కలు. వాటిలో బారీ అన్న కుక్క 1800 నుంచి 1814 దాకా బ్రతికి నలభైమందికి పైగా ప్రాణాలు కాపాడిందని చెబుతారు. దాని చర్మంతో చేసిన బొమ్మను బెర్న్ నగరంలో మ్యూజియంలో పెట్టారు. మెడకు చిన్న సారాపీపాతో బొమ్మల్లో కనబడుతుందే, అది మాత్రం చిత్రకారుల కల్పన. లాండ్సీర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1820లో అలా గీశాడు, లోకమంతా నమ్మేసింది.

అందరినీ కాపాడగలిగారా అంటే, లేదు. అక్కడ నేలంతా రాయీ మంచూ గనుక గొయ్యి తవ్వడానికి వీలుండదు. దొరికిన శవాలను సత్రం పక్కన ఒక చిన్న గదిలో ఉంచేవారు. ఆ చలికి అవి ఏళ్ళతరబడి అలాగే ఉండిపోయేవి. చార్లెస్ డికెన్స్ 1846లో అక్కడికి వెళ్ళి ఆ గది చూశాడు. పదేళ్ళ తరువాత 'లిటిల్ డోరిట్' నవలలో దాన్ని వర్ణిస్తూ, గది మూలన బిడ్డను రొమ్ముకు హత్తుకుని నిలిచిపోయిన ఒక తల్లిని కూడా చూపించాడు. ఆమె పేరేమిటో, ఏ ఊరినుంచి ఏ ఊరికి పోతోందో ఆ నవలలోనూ లేదు. చదువుతున్నదాన్ని పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. కనుమ దాటడమంటే సరదాగా చేసే పని కాదు ఆ రోజుల్లో. అవతల పని ఉంటేనే దాటేవారు, లేదా ఇవతల బ్రతకలేక దాటేవారు.

ఇప్పుడు నెపోలియన్ దగ్గరికి వద్దాం. 1800 సంవత్సరం మే నెల. ఇటలీలో ఆస్ట్రియా సైన్యాలను వెనకనుంచి పట్టుకోవాలని ఆయన ఎత్తు. అందుకు ఇంకా మంచు కరగని ఈ కనుమగుండా సుమారు నలభై వేలమంది సైనికులను నడిపించాడు. మే 15న మొదలుపెట్టి రోజుకు కొన్ని దళాలు చొప్పున దాటారు. ఆయన మే 20న దాటాడు. వచ్చే నెలలో మరెంగో దగ్గర యుద్ధం గెలిచాడు. ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే.

నాకు పట్టింది ఫిరంగుల సంగతి. చక్రాల బండ్లు నడవని దారిలో ఫిరంగులెలా వెళ్ళాయి? చక్రాలూ బండ్లూ ఊడదీసి, ముక్కలు ముక్కలుగా కంచరగాడిదల మీద వేశారు. ఫిరంగి గొట్టాలను మాత్రం, పెద్ద పైన్ చెట్ల మానులు తొలిచి దోనెల్లాగ చేసి, వాటిలో పడుకోబెట్టి తాళ్ళు కట్టి లాగారు. ఒక్కొక్క గొట్టానికి వందమంది దాకా మనుషులు. సైనికులు లాగారు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళను కూలికి పిలిచి లాగించారు. పైన సన్యాసులు బల్లలు వేసి, వచ్చిన ప్రతి సైనికుడికీ రొట్టె, జున్ను, ద్రాక్షసారా అందించారు. నలభై వేలమందికి వడ్డన! మన ఇంట్లో నలభైమందికి విస్తళ్ళు వేస్తేనే మర్నాటికి నడుం లేవదు.

ఆ కనుమకు కింద స్విట్జర్లాండు వైపు ఆఖరి పల్లె బూర్ సేన్ పియేర్. సైన్యం దిగిందీ, తిన్నదీ, ఫిరంగులు విప్పిందీ అంతా ఆ ఊళ్ళోనే. ఊరివాళ్ళ చెట్లు నరికారు, రెండు వేలకు పైగా. వంటపాత్రలు తీసుకున్నారు, నూట ఎనభైకి పైగా. కంచరగాడిదలు, మోతకూలీ సరేసరి. ఊరివాళ్ళు ఇవన్నీ లెక్క రాసుకున్నారు. "మీకు నష్టం లేకుండా అంతా చెల్లిస్తాను" అన్న అర్థం వచ్చేటట్టు నెపోలియన్ స్వయంగా ఉత్తరం ఇచ్చాడు. ఆ ఉత్తరాన్ని ఊరివాళ్ళు భద్రంగా దాచుకున్నారు. బాకీ సంగతి చివర చెబుతాను.

ఇక బొమ్మ. దావీద్ అనే గొప్ప చిత్రకారుడు ఈ ప్రయాణం మీద వేసిన వర్ణచిత్రం మీలో చాలామంది ఏదో ఒక పుస్తకంలో చూసే ఉంటారు. తెల్ల గుర్రం ముందుకాళ్ళెత్తి నిలబడింది. ఎర్రటి శాలువ గాలికి ఎగురుతోంది. నెపోలియన్ చెయ్యి పైకి చూపిస్తున్నాడు. కింద బండమీద ఆయన పేరు, పక్కనే పూర్వం ఆల్ప్స్ దాటిన హానిబాల్ పేరు, షార్లమాన్ పేరు చెక్కి ఉన్నాయి. ఉరకలు వేసే గుర్రం మీద తాను నిబ్బరంగా కూర్చున్నట్టు వెయ్యమని ఆయనే చెప్పాడట. బొమ్మకోసం ఎదురుగా కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

నిజానికి ఆయన దాటింది కంచరగాడిద మీద. బూర్ సేన్ పియేర్‌కు చెందిన దోర్సా అనే కుర్రవాడు కళ్ళెం పట్టుకుని దారి చూపించాడు. గాడిద కాలు జారితే ఆ కుర్రవాడే పడిపోకుండా పట్టుకున్నాడనీ, దారిపొడుగునా మాటల్లో తనకు సొంత ఇల్లు లేక పెళ్ళి కుదరడం లేదని చెప్పుకున్నాడనీ, ఆ తరువాత నెపోలియన్ ఇల్లు కొనుక్కోమని అతనికి డబ్బు పంపాడనీ కథ ఉంది. దిగేటప్పుడు మంచుమీద కూర్చుని జారుతూ దిగాడని కూడా అంటారు. ఏభై ఏళ్ళ తరువాత దెలరోష్ అనే మరో చిత్రకారుడు ఉన్నదున్నట్టు గీశాడు. చలికి ముడుచుకుని, బూడిదరంగు కోటు కప్పుకుని, గాడిద మీద ఆలోచిస్తూ కూర్చున్న మనిషి, పక్కన కళ్ళెం పట్టుకున్న దారి చూపేవాడు. ఆ బొమ్మ కన్నా గుర్రం బొమ్మే ఎక్కువమంది గోడలకెక్కింది. అయితే ఒక్క మాట. దావీద్ బొమ్మలో కూడా గుర్రం కాళ్ళ సందునుంచి జాగ్రత్తగా చూస్తే, వెనక చిన్న చిన్నగా, వొంగి ఫిరంగి లాగుతున్న మనుషులు కనబడతారు. మా అమ్మ చీర కొంగు లాగ.

నెపోలియన్‌కు ఈ ప్రయాణంతో బుద్ధి వచ్చిందో ఏమో, వెంటనే పక్కనున్న సింప్లాన్ కనుమ మీద ఫిరంగులు వెళ్ళే రోడ్డు వేయించడం మొదలుపెట్టాడు. 1805కల్లా పూర్తయింది. ఆ తరువాత ఆస్ట్రియావాళ్ళు స్టెల్వియో కనుమ మీద 1820, 1825 మధ్య రోడ్డు వేశారు. ఎత్తు 2,757 మీటర్లు. ఒక్క ఉత్తరం వైపునే నలభై ఎనిమిది పాముమెలికలు. రాజులు సైన్యాలకోసం వేసిన రోడ్ల మీద మామూలు జనం గుర్రపు తపాలా బండ్లలో తిరగడం నేర్చుకున్నారు. అవతల పని లేకపోయినా కొండలు చూడడానికే కనుమ ఎక్కేవాళ్ళు అప్పుడు బయలుదేరారు.

అలా బయలుదేరినవాళ్ళలో నాకు బాగా నచ్చిన మనిషి ఎలిజబెత్ రాబిన్స్ పెన్నెల్. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1855లో పుట్టింది. జోసెఫ్ పెన్నెల్ అనే చిత్రకారుణ్ణి పెళ్ళాడి లండన్‌లో కాపురం పెట్టింది. అక్కడ పత్రికలకు చిత్రకళ మీద రాసేది. దానితోపాటు వంటల మీద కూడా రాసేది. భోజనప్రియురాలినని తనకు తానే పేరు పెట్టుకుని, తిండి గురించి సిగ్గుపడకుండా రాసిన వ్యాసాలు 1896లో పుస్తకంగా వచ్చాయి. పాత వంట పుస్తకాలంటే ఆమెకు పిచ్చి. కొని కొని ఇల్లంతా నింపింది. వాటిలో చాలా ఇప్పుడు అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఈ వంటల రచయిత్రి నలభై దాటిన వయసులో సైకిలు మీద ఆల్ప్స్ కనుమలు దాటింది!

ఆ పుస్తకం 1898లో వచ్చింది. కొద్ది వారాల్లో దాదాపు పది కనుమలు. హానిబాల్ దాటాడు, నెపోలియన్ దాటాడు, గుంపులు గుంపులుగా టూరిస్టులు దాటుతున్నారు, తన గొప్పేమీ లేదని మొదట తగ్గించుకుంటుంది. ఆ వెంటనే, తనకు తెలిసినంతలో ఇన్ని ఎత్తయిన కనుమలు ఇంత తక్కువ కాలంలో సైకిలు మీద దాటిన ఆడది ఇంకొకతె లేదని చెప్పుకుంటుంది. ఆ చెప్పుకోవడం నాకు ఎంత బాగుందో! బొమ్మలు మొగుడు గీశాడు, కథ మాత్రం ఆమె చేతిలోనే ఉంది. లెక్క తానే రాసుకుంది గనుక ఆమె పేరు మిగిలింది.

సైకిలు తొక్కడం ఆ రోజుల్లో ఏమంత సుఖమనుకోకండి. ఇప్పటి మాదిరి రెండు చక్రాలూ సమానంగా ఉన్న సైకిలు వచ్చి పన్నెండు, పదమూడేళ్ళయింది. గాలి టైర్లు వచ్చి పదేళ్ళయింది. గేర్లు లేవు. ఫ్రీవీల్ అంటామే, తొక్కకపోయినా చక్రం తిరిగే ఏర్పాటు, అది లేదు. అంటే పల్లంలో బండి ఎంత వేగంగా పోతే పెడళ్ళు అంత వేగంగా తిరుగుతాయి, కాళ్ళు తీసి పక్కన పెట్టుకోవలసిందే. బ్రేకు అంతంతమాత్రం. అందుకని కొందరు దిగేటప్పుడు ఒక చెట్టుకొమ్మ విరిచి తాడుతో సైకిలు వెనక కట్టి ఈడ్చుకుంటూ దిగేవారు, వేగం తగ్గడానికి. ఎక్కేటప్పుడు చాలాచోట్ల దిగి తొయ్యడమే. పైగా ఆడవాళ్ళకు పాదాలదాకా లంగాలు!

నేను పదేళ్ళప్పుడు మా ఊరి చెరువుగట్టు మీద అద్దె సైకిలు నేర్చుకున్నాను. గట్టు దిగేటప్పుడు బ్రేకు పట్టక, తుమ్మచెట్టు మీదికి పోయి మోచెయ్యి చీరుకుంది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఓణీ వేసిన తరువాత సైకిలేమిటని ఇంట్లో మాన్పించేశారు. అదేం పెద్ద అన్యాయమని నేను అప్పుడు అనుకోలేదు. మాన్పించిందీ మా నాయనమ్మే. పెన్నెల్ గారి పుస్తకం గురించి తెలిసిన రోజున మాత్రం, వంటింట్లో పప్పు పొయ్యిమీద పెట్టి ఆ మచ్చ తడుముకుంటూ నిలబడ్డాను. పప్పు అడుగంటింది.

మగవాళ్ళకు కూడా సైకిలుతో కనుమ ఎక్కడం చాలాకాలం ప్రాణం మీదికే వచ్చింది. ఆల్ప్స్ కాదుగాని, ఫ్రాన్సుకూ స్పెయినుకూ మధ్య ఉన్న పిరనీస్ కొండల్లో తూర్మలే అనే కనుమ ఉంది. 2,115 మీటర్లు. టూర్ ద ఫ్రాన్స్ అనే సైకిలు పందెం 1903లో మొదలయింది. 1910లో ఆ పందెం దారిని ఈ కొండల మీదుగా వెయ్యాలని స్టెనెస్ అనే ఉద్యోగి పట్టుబట్టాడు. దారి ఎలా ఉందో చూసిరమ్మన్నారు. కారులో వెళ్ళాడు. మంచు అడ్డొచ్చి కారు ఆగిపోయింది, డ్రైవరు ఇక రానన్నాడు. చీకట్లో నడిచి కనుమ ఎక్కాడు, మంచులో పడ్డాడు, వెదకడానికి వచ్చినవాళ్ళు అర్ధరాత్రి దాటాక పట్టుకున్నారు. ప్రాణాలతో బయటపడ్డ ఆ మనిషి ఏమని టెలిగ్రాం ఇచ్చాడనుకున్నారు? తూర్మలే దాటాను, రోడ్డు చాలా బాగుంది అని! మగవాళ్ళు "దారి బాగానే ఉంది" అంటే ఇంట్లోవాళ్ళం ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఆ టెలిగ్రాం నమ్మి 1910 జులై 21న పందెగాళ్ళను 326 కిలోమీటర్లు తొక్కించారు. దారిలో తూర్మలేతో కలిపి పెద్ద కనుమలు నాలుగు. సైకిలు దిగి తోసుకుంటూ నడిచినవాళ్ళే అంతా. తూర్మలేని దిగకుండా తొక్కినవాడు గరిగూ ఒక్కడే, అతనికి వంద ఫ్రాంకుల బహుమతి ఇచ్చారు. ఆ రోజు పందెం గెలిచిన లపీజ్, ఆఖరి పెద్ద కనుమ దగ్గర నిర్వాహకులను చూసి "హంతకులు" అని అరిచాడు. ఆ ఏడు టూర్ మొత్తం గెలిచింది కూడా అతనే. ఏడేళ్ళకు మొదటి ప్రపంచ యుద్ధంలో విమానంలో పోరాడుతూ చనిపోయాడు.

ఇక కార్లు. కారు కనుమ ఎక్కడం కూడా ఒక్కరోజులో జరగలేదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త తయారుచేసిన మోటారు బండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి నూరు కిలోమీటర్ల దూరం పుట్టింటికి వెళ్ళింది. లోకంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణం అదే, పుట్టింటికి! దారిలో కనుమలేమీ లేవు, మామూలు మిట్టలే. వాటికే బండి మొరాయిస్తే పిల్లలు దిగి తోశారు. పల్లంలో బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత తోలు బిళ్ళలు కొట్టించింది. తిరిగి వచ్చాక, మిట్టలు ఎక్కడానికి ఇంకో గేరు పెట్టాలని భర్తకు చెప్పింది. ఆయన పెట్టాడు. కనుమలెక్కే ప్రతి కారులోనూ ఆమె మాట కాస్త ఉందన్నమాట.

పన్నెండేళ్ళు గడిచేసరికి కార్లు ఆల్ప్స్‌కు వచ్చాయి. వచ్చీ రాగానే స్విట్జర్లాండులో గ్రౌబ్యూండెన్ అనే రాష్ట్రం 1900లో తన రోడ్లన్నిటి మీదా కార్లను నిషేధించింది. ఆ రాష్ట్రమంతా కనుమలే. ఇరుకు రోడ్లలో కార్లు గుర్రాలను బెదరగొడుతున్నాయి, దుమ్ము లేపుతున్నాయి, తపాలా బండ్ల మీద బ్రతికేవాళ్ళ పొట్ట కొడుతున్నాయి అని ఫిర్యాదు. బయటనుంచి వచ్చిన షావుకార్లు రాష్ట్రం సరిహద్దులో ఇంజను ఆపి, తమ కార్లకు గుర్రాలు కట్టి లాగించుకోవలసి వచ్చింది. ఎంత ఖరీదు కారైనా కనుమ దగ్గర గుర్రపు బండే! మాటిమాటికీ జనం ఓటు తీసుకున్నారు, పదిసార్ల దాకా. ప్రతిసారీ ససేమిరా అన్నారు. చివరికి 1925లో సరే అన్నారు.

ఎంత ప్రజాస్వామ్యమో అని మెచ్చుకుంటూ చదువుతున్నాను. ఉన్నట్టుండి తట్టింది. ఆ ఓట్లలో ఒక్క ఆడదాని ఓటూ లేదు. స్విట్జర్లాండులో దేశపు ఎన్నికల్లో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 1971లో. మనకు రాజ్యాంగంతోపాటే వచ్చింది, 1952లో మన అమ్మమ్మలు వేలికి సిరా గుర్తు వేయించుకుని వచ్చారు. గుర్రాలు బెదిరి బండి బోల్తాపడితే గాయపడేదీ, రోడ్డు దుమ్ము ఇంట్లోకి వస్తే తుడిచేదీ ఆడవాళ్ళే అయినా, కారు కావాలా వద్దా అని వాళ్ళను పాతికేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. కార్లు వద్దన్న ఆ మగవాళ్ళది మొండితనమని కొందరు నవ్వుతారు. నాకలా అనిపించదు. బండ్లు తోలి బ్రతికేవాడి భయం నిజమైనదే. ఆ తరువాత పసుపురంగు తపాలా బస్సులు ఆ కనుమలన్నిటిమీదా మూడు స్వరాల హారను మోగించుకుంటూ తిరగడం మొదలుపెట్టాక గుర్రపుబండ్ల పని అయిపోయింది కదా.

మళ్ళీ మన సెయింట్ బెర్నార్డ్ కనుమకు వద్దాం. 1964లో దాని కింద కొండ తొలిచి సొరంగం వేశారు. ఆల్ప్స్ కింద కార్లు పోయే పెద్ద సొరంగాల్లో అదే మొదటిది. ఇప్పుడు శీతాకాలంలో కూడా ఇటునుంచి అటు కొద్ది నిమిషాల్లో పోవచ్చును, మంచు కూడా కనబడదు. 2016లో గోత్తార్డ్ కింద 57 కిలోమీటర్ల రైలు సొరంగం తెరిచారు. దానిలో కూర్చున్నవాళ్ళకు పైన ఆల్ప్స్ ఉన్నట్టే తెలియదు.

పని ఉన్నవాళ్ళంతా సొరంగంలోనుంచి పోతున్నారు. పైదారికి ఎక్కేవాళ్ళు పని లేనివాళ్ళు. వేసవిలో కార్లలో, మోటారు సైకిళ్ళ మీద, గేర్ల సైకిళ్ళ మీద, నడిచీ వస్తారు. అక్టోబరులో రోడ్డు మూసేస్తే మళ్ళీ జూన్‌లో తెరిచేదాకా ఆ సత్రానికి మంచుబూట్లు తొడుక్కునో, మంచుమీద జారే చెక్కలు కట్టుకునో వెళ్ళడమే. అయినా సత్రం మూయలేదు. ఎవరో ఒకరు వస్తారని సూపు కాస్తూనే ఉంటారు. ఆ సూపు రోజూ కాచేవాళ్ళ పేర్లు కూడా ఏ బండమీదా చెక్కి లేవనుకోండి.

బాకీ సంగతి చెబుతానన్నాను. నెపోలియన్ వెళ్ళాక బూర్ సేన్ పియేర్ ఊరివాళ్ళు లెక్క పంపారు. కొంత సొమ్ము ముట్టింది, ఎక్కువ భాగం ముట్టలేదు. ఆయన చక్రవర్తి అయ్యాడు, ఓడిపోయాడు, ద్వీపంలో చనిపోయాడు. ఊరివాళ్ళు మాత్రం ఆ ఉత్తరం పట్టుకుని ఫ్రాన్సు ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉన్నారు. తాతలు అడిగారు, మనమలు అడిగారు. నూట ఎనభై నాలుగేళ్ళ తరువాత, 1984లో, ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాఁ తరఫున, బాకీ తీరినదానికి గుర్తుగా ఊరికి ఒక పతకం ఇచ్చారు. డబ్బు కాదు, పతకం. ఊరివాళ్ళు పుచ్చుకున్నారు.

మర్యాదగానే ఉంది, కాదనను. కానీ నూట ఎనభైకి పైగా వంటపాత్రలండీ! పెళ్ళివారికి ఎరువిచ్చిన ఒక్క గుండిగ వారం దాటి ఇంటికి రాకపోతే నేను పొద్దున్నే పనిమనిషిని పంపిస్తాను. ఆ రోజు సాయంత్రం, సైన్యం కొండెక్కిపోయిన తరువాత, ఆ ఊరి ఆడవాళ్ళు పిల్లలకు దేనిలో వండిపెట్టారో లెక్కలో రాసి లేదు.